మూడుంబావుకు కూసే డబ్బా

బోధన్
18 ఆగస్టు 2003

చిరంజీవి వెంకటికి, శంకరమ్మ చిన్నమ్మ దీవించి రాసేది.

నీ కాలు విరిగిందని తెలిసింది. స్కూటర్ మీద పోతూ ఒడిలో కంప్యూటర్ పుస్తకం ఎందుకు పెట్టుకున్నావని అడగను. మీ అమ్మ ఈపాటికి వందసార్లు అడిగే ఉంటుంది. ఆరు వారాల సిమెంటు పట్టీ అన్నారట, ఇంట్లో పడుకుని తీరిగ్గా చదువుకో. ఫోన్ చేద్దామంటే మా నెట్ సెంటర్‌కు ఉన్నది ఒకటే లైను, తెరిచి ఉన్నంతసేపూ అది నెట్‌కే సరిపోతుంది. ఇంట్లో ఫోన్ లేదు. అందుకే ఉత్తరం.

మీ చిన్నబాపు పోయి పది నెలలు కావస్తున్నది. ఆయన సెంటర్ పెట్టినప్పుడు మూలన ఒక పాత కంప్యూటర్ నిలబెట్టాడు, గుర్తుందా? దానికి తెర లేదు, కీబోర్డు లేదు. మిగతా నాలుగు కంప్యూటర్లకూ నెట్ దాని గుండానే వస్తుంది. కస్టమర్లు దాన్ని తలకాయ లేని డబ్బా అంటారు. ఎవరైనా నెట్ తెరిస్తే అది ఫోన్ కలుపుతుంది. కలిపేటప్పుడు పిల్లి తోక తొక్కినట్టు కూస్తుంది. దానికి నేను అలవాటు పడ్డాను.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టర్ దించి అన్నానికి పోతాను కదా. లోపల మనిషి ఉండడు, కంప్యూటర్లు నాలుగూ ఆపే ఉంటాయి. అప్పుడు రోజూ మూడుంబావుకు అది కూస్తున్నది. పైన ఉండే మన గది యజమాని లింబయ్య చెబితే నేను నమ్మలేదు. మొన్న షట్టర్ బయట స్టూలు వేసుకుని కూర్చున్నాను. కూసింది. సందులోంచి చూస్తే నాలుగు నిమిషాలు లైటు ఆడింది, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. తరువాత ఊరుకుంది.

లింబయ్య ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "శంకరమ్మా, నీ పెనిమిటి ఆత్మారాం మంచోడే, కాదంట లేను. పోయినంక గూడ డ్యూటీ చేస్తున్నడు. గని మా ఇంటామె నాగవ్వ మూడు గాంగనే పక్కింటికి ఉరుకుతున్నది. పెత్రమాస దాకా సూస్త. గప్పటికి బంద్ గాకుంటే నేనే దాని తీగలన్ని పీకేస్త, నువ్వు రూం ఖాళీ చెయ్యాలె."

పెత్రమాస, అదే పితృ అమావాస్య, వచ్చే నెల ఇరవై అయిదున. సెంటర్ పోతే నేను మళ్లీ బీడీల చాట ముందర కూర్చోవాలి. నా వేళ్లు ఇప్పుడు ఆకు మడవలేవు. నువ్వేదో కంప్యూటర్‌ను నడిపే తేలికపాటి లినక్స్ తయారుచేస్తున్నావట. అదేదో ఇందులో పెట్టి ఆ కూత ఆపు బిడ్డా.

ఇట్లు
నీ మేలు కోరే చిన్నమ్మ

తా.క. మన వెనక గల్లీలో బీడీలు చుట్టే రేణుకమ్మ కూడా మూడుంబావుకు వచ్చి షట్టర్ ముందు కూర్చుంటున్నది. దుబాయిలో ఉన్న ఆమె భర్త హన్మండ్లు రాసే మెయిళ్లు మీ చిన్నబాపే తీసి చదివి వినిపించేవాడు. ఆయన పోయాక అవీ రావడం లేదు. "అన్న ఒచ్చి సదువుతడేమో" అంటుంది. రెండు గ్లాసుల చాయ్ తెస్తుంది. రెండోది నాకు కాదట.


నిజామాబాద్
22 ఆగస్టు 2003

పూజ్యురాలైన చిన్నమ్మకు వెంకటి నమస్కరించి రాసేది.

దయ్యాలు లేవు చిన్నమ్మా. ఉన్నా వాటికి ఫోన్ కలిపే మోడెం వాడడం రాదు. ఆ డబ్బాలో అక్కర్లేని సరుకు ఏదో ఉంది, అది పనీపాటా లేక ఫోన్ కలుపుతున్నది. అంతే.

నా ప్లాను విను. పేరు మంజీర లినక్స్. పెద్ద లినక్స్ మూడు సీడీల్లో వస్తుంది. అందులో ఆటలుంటాయి, బొమ్మలు గీసేవి ఉంటాయి, పాటలు వినిపించేవి ఉంటాయి. తెరే లేని డబ్బాకు బొమ్మలెందుకు? నేను ముందు ఒక కాగితం మీద ఈ డబ్బా పని ఏమిటో రాసుకున్నాను: ఫోన్ కలపాలి, నలుగురికీ నెట్ పంచాలి. ఆ రెండింటికీ పనికిరానిది ప్రతిదీ కొట్టేసుకుంటూ పోయాను. ఇప్పుడు మొత్తం ఒక్క ఫ్లాపీలో పడుతుంది.

ఇది పనిచేసే తీరు తెలిస్తే నీ భయం పోతుంది. డబ్బా లేవగానే ఫ్లాపీని ఒక్కసారి చదివి, అంతా తన మెమరీలో పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఫ్లాపీతో పనే లేదు, తీసి దాచుకోవచ్చు. హార్డ్ డిస్క్ లేదు. కరెంటు ఆపితే మెమరీ కడిగిన పలక. చిన్నబాపు చేసిన పాత ఫ్లాపీ కూడా ఇదే తీరు. ఆపితే ఏదీ మిగలని చోట ఆత్మ మాత్రం ఎట్లా మిగులుతుంది?

దీనితో మొదటి ఫ్లాపీ పంపుతున్నాను. డబ్బా ఆపు. ఫ్లాపీ పెట్టు. మళ్లీ లేపు. "ఆపు" కింద రెండు గీతలు గీశాను, చూడు.

ఇట్లు
నీ వెంకటి

తా.క. ఫ్లాపీకి పసుపు కుంకుమ పెట్టవద్దు. నువ్వు పెడతావు, నాకు తెలుసు.


బోధన్
27 ఆగస్టు 2003

చిరంజీవి వెంకటికి, చిన్నమ్మ దీవెనలు.

ఫ్లాపీ అందింది. కవరు చించగానే ముందు ఫ్లాపీ కనబడింది, ఉత్తరం ఆ తర్వాత కనబడింది. కాబట్టి కుంకుమ సంగతి ఇక వదిలెయ్యి.

కూత ఆగలేదు. సోమవారం కూసింది, మంగళవారం కూసింది. మంగళవారం ఒకటిన్నర నుంచి అయిదు దాకా ఊరంతా కరెంటు లేదు. మిల్లు ఆగింది, మా కంప్యూటర్లు ఆగాయి, లింబయ్య ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దంలో మూడుంబావుకు కూసేసరికి వీధి చివరిదాకా వినపడిందట.

కరెంటు పోయినా అది ఆగదు. అప్పట్లో మీ చిన్నబాపు లింబయ్య ట్రాక్టర్ బ్యాటరీ ఒకటి అడిగి తెచ్చి, బల్ల కింద చెక్క పెట్టెలో పెట్టి డబ్బాకు తగిలించాడు. నీకు తెలియదేమోనని రాస్తున్నాను.

లింబయ్య ఫోన్ తీగకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు.

ఇట్లు
చిన్నమ్మ

తా.క. నిమ్మకాయ కట్టిన రోజు నెట్ మామూలు కంటే తొందరగా వచ్చింది. ఇప్పుడు కస్టమర్లు వారం వారం కొత్త నిమ్మకాయ కట్టమంటున్నారు. నీ ప్లానులో దానికి చోటుందేమో చూడు.


నిజామాబాద్
2 సెప్టెంబర్ 2003

చిన్నమ్మకు వెంకటి నమస్కారాలు.

బ్యాటరీ సంగతి చెప్పావు, మంచిదైంది. కరెంటు లేనప్పుడు కూసిన రహస్యం విడిపోయింది. మిగిలింది మూడుంబావు. దాని పని ఇప్పుడు పడతాను.

రెండు ఫ్లాపీలు పంపుతున్నాను. ఒకటో నెంబరు రాసినదాంట్లో గడియారం తీసేశాను. ఇది పెట్టాక డబ్బాకు ఇది పగలో రాత్రో కూడా తెలియదు. గడియారం లేనివాడు సమయానికి ఎట్లా కూస్తాడో నేనూ చూస్తాను. దీన్ని నాలుగు రోజులు ఉంచు.

అప్పటికీ కూస్తే రెండో నెంబరుది పెట్టు. ఇందులో ఫోన్ కలిపే సరంజామానే లేదు. ఇది పెట్టిన రోజు నెట్ అసలు రాదు, కస్టమర్లకు ముందే చెప్పు. ఒక్క పూట పరీక్ష కోసమే. ఇంతకంటే తేలికైన సిస్టం జిల్లాలో ఎవరూ చేసి ఉండరు. ఏ పనీ చేయదు, అంత తేలిక.

ఇట్లు
వెంకటి

తా.క. నేను చెప్పింది చెప్పినట్టే చేస్తున్నావు కదా?


బోధన్
12 సెప్టెంబర్ 2003

చిరంజీవి వెంకటికి, చిన్నమ్మ దీవించి రాసేది.

ఫ్లాపీలు రెండూ క్షేమంగా అందాయి. గడియారం లేని నాలుగు రోజులూ మూడుంబావుకే కూసింది. నాగవ్వ గోడ గడియారం పట్టుకుని కూర్చుని చూసింది. రెండు నిమిషాల తేడా వస్తే తన గడియారమే సరిచేసుకున్నది.

రెండో నెంబరు రోజు కూడా కూసింది. నెట్ రాదని నువ్వు రాశావు కానీ ఆ రోజు బాగానే వచ్చింది. డిగ్రీ ఫలితాలు చూసుకున్నారు.

రేణుకమ్మ సంగతి మాత్రం నన్ను కలవరపెడుతున్నది. హన్మండ్లు మొన్న పక్కింటి ఫోన్‌కు చేసి కోపం చేశాడట. "వారం వారం రాస్తనే ఉన్న, ఒక్క జవాబు లేదు. నీకు నేను అక్కెర లేకుంటే చెప్పు" అన్నాడట. రేణుకమ్మ ఇటు ఏడుస్తున్నది. "అబద్ధం వదినా, ఆయన రాస్తే ఏడికి పోతయి? అక్కడ ఇంకొకతెను జూసుకున్నడు. పండుగ దాటినంక తల్లిగారింటికి పోత" అంటుంది. నేనేం చెప్పను? ఆ ఉత్తరాలు మీ చిన్నబాపు ఎక్కడి నుంచి తీసేవాడో నాకు తెలియదు.

పెత్రమాస ఇంకా పదమూడు రోజులు. పొద్దున పదికి తీగలన్నీ పీకుతానని లింబయ్య గట్టిగా అనేశాడు.

ఇట్లు
చిన్నమ్మ

తా.క. ఇప్పుడు లింబయ్య మూడుంబావుకు "వస్తున్న ఆత్మారాం" అని జవాబిస్తున్నాడు. భయానికో మర్యాదకో తెలియదు.


నిజామాబాద్
16 సెప్టెంబర్ 2003

చిన్నమ్మా, నమస్కారం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఫోన్ కలిపే సరంజామా లేకుండా నెట్ రావడం కుదరదు. చేతులు లేనివాడు తలుపు తీసినట్టు. నాకు అన్నం సహించడం లేదు.

రేణుకమ్మ మాట పట్టుకుని ఒక పని చేశాను. ఊళ్లో దుబాయి ఉత్తరాలన్నిటికీ చిన్నబాపు ఒకటే మెయిల్ పెట్టె పెట్టాడు కదా, దాన్ని ఇక్కడి నుంచి తెరవాలని చూశాను. పాస్‌వర్డ్ ఏముంటుందా అని సాయంత్రం దాకా కొట్టాను. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పేరు, మా తాత పేరు, దేవుళ్ల పేర్లు. చివరికి నీ పేరు కొట్టాను. తెరుచుకున్నది.

లోపల ఖాళీ. పది నెలలుగా ఒక్క ఉత్తరం లేదు. సరే, పరీక్ష చేద్దామని నిన్న మూడు గంటలకు నేనే దానికి ఒక మెయిల్ పంపాను. "చిన్నబాపూ, ఉన్నావా" అని రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు. మూడూ పదికి చూశాను, ఉన్నది. మూడూ ఇరవైకి చూశాను.

లేదు. ఎవరో తీసుకున్నారు చిన్నమ్మా.

చిన్నబాపు చేసిన పాత ఫ్లాపీ ఎక్కడుందో వెంటనే రాయి. పొరపాటున అది డబ్బాలో ఉండి ఉంటే నా ప్రాణం కుదుటపడుతుంది.

వెంకటి

తా.క. అమ్మ నా సిమెంటు పట్టీకి తాయెత్తు కట్టింది. నేను వద్దనలేదు.


బోధన్
19 సెప్టెంబర్ 2003

బిడ్డా వెంకటీ, చిన్నమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి నాకు భయం వేయలేదు, సిగ్గు వేసింది. ఇక దాచను. నువ్వు పంపిన ఫ్లాపీలు మూడింటిలో ఒక్కటి కూడా నేను డబ్బాలో పెట్టలేదు. మీ చిన్నబాపు ఫోటో ముందు వరుసగా పెట్టి ఉన్నాయి. నువ్వు "ఆపు" అన్నావు. ఆపడం నా చేత కాలేదు.

పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లూ ఆయన మధ్యాహ్నం పడుకుని మూడుంబావుకు లేచేవాడు. లేస్తూనే "శంకరీ, చాయ్" అని కేక. చాయ్ తాగి సెంటర్‌కు పోయి దుబాయి ఉత్తరాలు తీసేవాడు. ఇప్పుడు ఆ కేక లేదు, ఈ కూత ఉన్నది. గది పోతుందని నీకు రాస్తూనే, మూడుంబావుకు షట్టర్ దగ్గర నిలబడి అది ఆగకూడదని మొక్కుకున్నాను. "దీన్ని మాత్రం ఎన్నడూ ఆపొద్దు" అని ఆయనే చెప్పాడు కూడా. అందుకే ఇన్నాళ్లూ ఒక్కసారీ ఆపలేదు.

పాత ఫ్లాపీ నీ ప్రాణం కుదుటపరిచే చోట లేదు. ఆయన కుర్చీలో ఒరిగిపోయిన రోజు అది చొక్కా జేబులో ఉంది. జేబులో వస్తువులు మనిషితోనే పంపడం మన ఇంటి వాడుక కదా. కందకుర్తిలో గోదావరీ మంజీరా కలిసే చోట అస్థికలతో పాటు కళ్లద్దాలు, పెన్ను, ఆ నల్ల పలక కూడా కలిపేశాను.

మరి పది నెలలుగా ఇది ఏ ఫ్లాపీ మీద నడుస్తున్నదో నువ్వే చెప్పు.

చిన్నమ్మ

తా.క. నువ్వు ఆయనకు రాసిన మెయిల్‌కు జవాబు వస్తే నాకూ ఒక నకలు పంపు. ఇరవై ఎనిమిదేళ్లలో నాకు ఒక్క ఉత్తరం రాయలేదు ఆ మనిషి.


నిజామాబాద్
22 సెప్టెంబర్ 2003
బోధన్ బస్సు కండక్టర్ ఆశన్న చేతికి ఇచ్చి పంపినది

చిన్నమ్మా,

ఆపవద్దు. ఎవరినీ ఆపనివ్వవద్దు. "ఆపవద్దు" కింద గీతలు లెక్కపెట్టు.

అంతా అర్థమైంది. ఫ్లాపీ గోదావరిలో ఉన్నా డబ్బాకు నష్టం లేదు. నేనే మొదటి ఉత్తరంలో రాశాను, చదివింది మెమరీలో పెట్టుకుంటుందని. చిన్నబాపు పోయిన రోజు పొద్దున లేచిన డబ్బా అప్పటి నుంచీ ఆగలేదు, కరెంటు పోతే బ్యాటరీ కాచింది. ఆయన రాసిన ఏర్పాటు ప్రకారం మూడుంబావుకు ఫోన్ కలిపి, మెయిల్ పెట్టెలో ఉన్నవన్నీ తన దగ్గరికి తెచ్చుకుని, అక్కడివి చెరిపేస్తున్నది. అందుకే నాకు ఖాళీగా కనబడింది. నా మెయిల్‌ను తీసుకున్నదీ అదే.

ఇప్పుడు విను. హన్మండ్లు అబద్ధం చెప్పలేదు. ఆయన ఉత్తరాలు, ఊరందరివీ, పదకొండు నెలలవి ఆ డబ్బా మెమరీలో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. తీగలన్నీ పీకితే ఒక్క క్షణంలో అన్నీ పోతాయి. నేను మొదటిసారి "ఆపు" అన్నప్పుడు నువ్వు ఆపి ఉంటే అప్పుడే పోయేవి. నా మాట విననందుకు నీ కాళ్లకు మొక్కాలి.

పెత్రమాస నాడు పొద్దున మొదటి బస్సుకు తెర, కీబోర్డు పట్టుకుని వస్తున్నాను. సిమెంటు పట్టీతోనే. పది దాటినా నేను వచ్చేదాకా లింబయ్యను మాటల్లో పెట్టు.

వెంకటి

తా.క. బస్సులో నా కాలికి ఒక సీటు, తెరకు ఒక సీటు కావాలి. ఆశన్న ఒప్పుకున్నాడు. కాలికి టికెట్ వద్దన్నాడు.


బోధన్
30 సెప్టెంబర్ 2003

చిరంజీవి వెంకటికి, చిన్నమ్మ మనసారా దీవించి రాసేది.

ఇంటికి క్షేమంగా చేరావని ఆశన్న చెప్పాడు. ఆ రోజు లింబయ్య చేతిలో ప్లయరు, నీ చేతిలో కీబోర్డు, మధ్యలో నేను. అది ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నది. నువ్వు ఉత్తరాలన్నీ నీ ఫ్లాపీల్లోకి ఎక్కించుకునే దాకా రేణుకమ్మ గుమ్మం దగ్గరి నుంచి కదలలేదు. ముప్పై ఎనిమిది ఒక్క హన్మండ్లువే. మొదటివి ముద్దుగా, నడిమివి కోపంగా, చివరిది మరీ చిన్నగా: "పెత్రమాస దాటినంక ఇగ రాయ. పైలం, జాగర్త." ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ తెలుగును నువ్వు చదువుతుంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకున్నది. ఆ పూటే జవాబు రాయించావు. నిన్న హన్మండ్లు ఫోన్ చేసి గంటసేపు ఏడ్చాడట. రేణుకమ్మ తల్లిగారింటికి పోవడం లేదు.

ఆ తర్వాత నువ్వు డబ్బాను ఆపావు. నేను పక్కకు తిరిగాను. నీ మంజీర లినక్స్ బాగా నడుస్తున్నది. ఉత్తరాలు ఇప్పుడు చప్పుడు లేకుండా సాయంత్రం కస్టమర్లు నెట్ కలిపినప్పుడే వచ్చేస్తున్నాయి. మూడుంబావుకు ఏ కూతా లేదు. నువ్వు గెలిచావు.

కానీ ఆ వేళకు నాకు ఇల్లు మరీ పెద్దగా అనిపిస్తున్నది. నిన్న లింబయ్య కిందికి వచ్చి గోడ గీకుతూ నిలబడ్డాడు. "శంకరమ్మా, మా నాగవ్వకు టైం తెలుస్తలేదు. బర్రె పాలు పిండుడు లేటైతున్నది. గా డబ్బ ఎన్కటి లెక్కనే కూస్తే ఏమైతది?" అన్నాడు. గది ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు. అందుకని బిడ్డా, నీ కాగితం మీద డబ్బా పనులు రెండే రాశావు కదా, మూడోది కూడా రాసుకో. మూడుంబావుకు ఒకసారి కూయాలి. ఎవరికీ ఫోన్ కలపకపోయినా సరే. మిగతావి నీకు ఇష్టమొచ్చినన్ని తీసెయ్యి.

ఇట్లు
ఎల్లప్పుడూ నీ మేలు కోరే
చిన్నమ్మ శంకరమ్మ

తా.క. పండుగకు బూజు దులుపుతూ బల్ల కింది చెక్క పెట్టె తెరిచాను. నీ కాలు వంగక నువ్వు దాన్ని తెరవలేదు కదా, వైర్లు లోపలికి పోయి ఉంటే చాలనుకున్నావు. అందులో బ్యాటరీ లేదు. వైర్ల కొసలు రెండూ ఊరికే పడి ఉన్నాయి, పక్కన ఎండిపోయిన చాయ్ గ్లాసు ఒకటి. లింబయ్యను పిలిచి అడిగాను. తల వంచుకుని ఉన్నది చెప్పాడు. "పోయిన ఏడు చెరుకు బండ్లు గుంజేటప్పుడు నా ట్రాక్టర్ లేస్తలేకుండె. ఆత్మారాం పోయి పది దినాలే. మైలల ఉన్న మనిషిని ఎట్లడుగుదు? నువ్వు లేని యాళ్ల సూసి బ్యాటరీ నేనే తీస్కపోయిన. తప్పైంది." అంటే ఆ పదకొండు నెలల్లో కరెంటు పోని రోజు ఏదో నువ్వే లెక్కపెట్టుకో. నాకు మాత్రం ఇప్పుడు ఏ భయమూ లేదు. జిల్లాలో అందరికంటే తేలికైన సిస్టం నీదే అన్నావు. మీ చిన్నబాపుది ఫ్లాపీ లేకుండా, బ్యాటరీ లేకుండా, కరెంటు లేకుండా నడిచింది. తీరిక దొరికితే అది ఎట్లాగో నేర్చుకో.